వియ్యంకుడి పెన్‌డ్రైవ్

నాచారంలో పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మోషే అక్కడే ఒక జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాడు. తలుపు పక్కన ఒక ముసలి కంప్యూటర్ ఉండేది. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ వైరస్ ఉందేమో చూడటమే దాని ఉద్యోగం. పాస్టరు గారు పాటల ప్రింటు కోసం వచ్చినా సరే, "అయ్యగారూ, జర ముందు గీడ పెట్టుర్రి" అనేవాడు. ఉత్త మొండిఘటం. ఘట్‌కేసర్ కాలేజీల పిల్లలు విసుక్కుంటూనే తమ ప్రాజెక్టు రిపోర్టులు ఆయన చేతికే ఇచ్చేవారు.

అలాంటి మనిషి కూతురి పెళ్లి కుదరగానే మెత్తబడిపోయాడు. వియ్యంకుడు క్రిస్టోఫర్ పెళ్లికార్డు మేటరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. వియ్యాలవారి వస్తువును నలుగురి ముందూ పరీక్షకు పెడితే ఏమనుకుంటారో! పాడు మర్యాద. మోషే దాన్ని నేరుగా లోపలి కంప్యూటర్‌కే పెట్టాడు.

సాయంత్రానికి దుకాణంలోని కంప్యూటర్లన్నీ మంచం పట్టాయి. రిపోర్టులు ఒక్కటీ తెరుచుకోలేదు.

"నిన్ను నమ్ముకుంటే గిట్ల జేసినవేంది అంకుల్?" అని పిల్లలు మీద పడ్డారు.

"నాదే తప్పు బిడ్డా" అన్నాడు మోషే. వియ్యంకుడి పేరు బయటికొస్తే పెళ్లి చెడుతుందని ఆయన భయం. సంగతి తెలిసిన కూతురు దోర్కా తండ్రి పక్కన కూర్చుని, పిల్లల దగ్గరున్న చిత్తుప్రతులు చూసి ఆ రిపోర్టులన్నీ మళ్లీ టైపు చేయసాగింది.

కార్డులో ఏవో దిద్దుబాట్లున్నాయని క్రిస్టోఫర్ మళ్లీ వచ్చాడు. తిన్నగా లోపలికి నడవబోతే దోర్కా లేచి అడ్డం నిలబడింది.

"మామా, ముందు గీ కంప్యూటర్ల పెట్టుర్రి."

క్రిస్టోఫర్ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. వైరస్ ఉందంటూ తెర ఎర్రబడింది.

"మొన్న గూడ ఉండెనా బావా?" అని అడిగాడు క్రిస్టోఫర్.

"ఉండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఆడపిల్ల తండ్రిని బావా. ఎట్ల చెప్పాలె?"

క్రిస్టోఫర్ ముఖం చిన్నబోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆడపిల్ల తండ్రివైతే నా తప్పు నీ నెత్తినేసుకుంటవా? బిడ్డా దోర్కా, గా పిల్లలకు ఫోన్ జేసి రమ్మను. వైరస్ ఎవ్వరు తెచ్చిన్రో నేనే చెప్త."

దోర్కా ఫోన్ అందుకుంది. మోషే వద్దనలేదు. కళ్లు తుడుచుకుంటూ, వియ్యంకుడికి చాయ్ తేవడానికి బయటికి నడిచాడు.