కొండమీద చెప్పుల్లేకుండా

కొండ దగ్గరికి వెళ్తే కాళ్లకు చెప్పులుండకూడదని అమ్మ నాకు ఇంట్లోనే అక్షరాలతో పాటు నేర్పింది. కరోనా తగ్గాక ఒక ఎండాకాలం మావారు దుబాయ్ దగ్గరి ఫుజైరా కొండలు చూపిస్తానని తీసుకెళ్లారు. మధ్యాహ్నం, కొండ నీడలో చెప్పులు కారులోనే వదిలి దిగాను. ఆయన బండి తిప్పుకొస్తానని వెళ్లారు. శిఖరం చూస్తూ దండం పెట్టుకుంటూ నడిచి, ఎండలోకి వచ్చింది గమనించలేదు.

అరికాళ్లు పెనంమీద పెట్టినట్టయింది. వెనక్కి పరుగెత్తబోయి పడ్డాను. చేతులూ కాలాయి.

ఎక్కడినుంచో ఒక ముసలి పఠాన్, మేకల కాపరి, పరుగున వచ్చి తలపాగా విప్పి నా ముందు పరిచాడు.

"బెహెన్, ఇస్ పర్ పైర్ రఖో!"

తలకు కట్టుకునే గుడ్డమీద కాలు పెట్టడమా? ఆ మంటలోనూ ఆగాను.

"అరే, జల్దీ!" అని గదిమి, దానిమీద తన సీసాలోని నీళ్లన్నీ పోశాడు. అప్పుడు నిలబడ్డాను.

మావారు వచ్చి చూసి హడలిపోయారు. "ఇది మన కొండగట్టు గుడి అనుకున్నవానే?"

బొబ్బలు మానాయి. ఆ పెద్దాయన పేరైనా అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు మొక్కుకుంటాను.