పరుగుకు కొలత

ఆ ఉదయం కత్తెరక్క పొరపాటున తన చున్నీ కొసను లాయరుగారి నల్లకోటు చేతికి కలిపి కుట్టేసింది. ఆయన రాగానే గౌరవంగా లేచి నిలబడితే, కోటు కూడా లేచింది. లాయరుగారు నమస్కారం పెట్టారు. ఇద్దరిలో ఎవరికో తెలియలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో మిషను తొక్కుతున్న మనిషి. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఆ సూదుల సందుల్లోంచే కబుర్లు. వీధిలో ఎవరి నడుము ఎంతో ఆమెకు తెలుసు. ఒకరిది ఇంకొకరికి చెప్పిన పాపాన మాత్రం పోలేదు.

కోటుకు పడ్డ ఆ కుట్టు ఊడదీస్తుండగానే ఎదురింటి వదిన కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది. పదమూడేళ్ల పిల్ల. బడిసంచిని పొట్టమీదికి వేసుకుని, రెండు చేతులా కావలించుకుని నిలబడింది. శనివారం పరుగు పందెం. బడిలో ఇచ్చిన చొక్కా బిగుతుగా ఉందని, అసలు పరిగెత్తనే పరిగెత్తనని మొండికేసింది. అదే రంగులో ఇంకోటి కుట్టాలి.

"వదులుగా కుట్టు వదినా, మోకాళ్లదాకా రావాలి. రోజులు బాగాలేవు," అంది తల్లి.

"అలా వేసుకుంటే గోనెసంచి అంటారు," పిల్ల గొణిగింది. "బిగుతుగా వేసుకుంటే ఫోటో తీసి గ్రూపులో పెడతారు."

"నువ్వు ఊరుకో. నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ పంపించు వదినా, వాళ్ల కొలతలూ తీసుకుంటా. ఈలోగా నువ్వెళ్లి బొత్తాలు పట్రా," అని తల్లిని సాగనంపి, కత్తెరక్క తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పుడు చెప్పు తల్లీ, నీకేం కావాలి?"

పిల్ల బడిసంచిని ఇంకా గట్టిగా హత్తుకుంది. "నన్నెవరూ చూడకూడదు అత్తా. కానీ... నేనే గెలవాలి."

కత్తెరక్క నోట్లో సూదులన్నీ తీసి డబ్బాలో పెట్టింది. 'ఒద్దికగా నడువు' అని ఆ వయసులో తనకూ చెప్పారు. అప్పుడు వంగిన భుజాలు మళ్లీ నిటారుగా నిలబడలేదు.

"చేతులెత్తు. గట్టిగా ఊపిరి పీల్చు. ఆ గోడదాకా పరిగెత్తు."

దుకాణం మొత్తం నాలుగడుగులు. పిల్ల సంచి దించి, పరిగెత్తి, ఇస్త్రీబల్లకు గుద్దుకుని పకపకా నవ్వింది. అప్పుడు కొలత రాసుకుంది కత్తెరక్క. మందపాటి బట్ట, చంకల దగ్గర వెసులుబాటు, పైకి ఎగరని అంచు. పిల్ల చేత్తో ఎక్కడెక్కడ లాక్కుంటుందో చూసి, అక్కడల్లా ఇంకో కుట్టు.

శనివారం సాయంత్రం వదిన గుమ్మంలో ప్రత్యక్షమైంది. వెనకాల చెమటలు కక్కుతూ, నవ్వు ఆపుకుంటూ పిల్ల.

"ఏం కుట్టావమ్మా! ఇది పరిగెడుతుంటే మైదానం మొత్తం దీన్నే చూసింది!"

"ముందున్నదాన్ని చూడక, వెనకబడ్డవాళ్లని చూస్తారా వదినా?"