గాలికీ జామీను అడిగిన మా కాక

మా కాక పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పిండ్రు? డాక్టర్ చూసిండా? ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం" అన్నాను. "పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండె పట్టుకున్నడు బిడ్డా, అయిపోయింది" అంది. మా ఊరు గుమ్మడిదల చేరి, ఆయన చేయి పట్టుకుని చూసేదాకా నేను నమ్మలేదు. ఆ బుద్ధి నాకు ఆయన నుంచే అంటుకుంది.

కాక అంటే మా నాన్న తమ్ముడు, చిన్నమ్మ ఆయన భార్య. ఊరి పక్క మందుల కంపెనీలో దుమ్మును పట్టే పెద్ద గుడ్డ సంచులు మారుస్తూ రిటైరయ్యాడు. నమ్మి చెడినవాడు లేడని లోకం అంటుంది గానీ ఆయన దాన్ని తిరగేశాడు: "సూసి చెడ్డోడు లేడు, నమ్మి చెడ్డోళ్లు ఊరంత ఉన్నరు." పుచ్చకాయ బండివాడు ముక్క కోసి చూపిస్తే నమ్మేవాడు కాదు, రెండో పక్క కూడా కోయించేవాడు. నేను పరీక్ష పాసయ్యానని చెబితే "పేరు సరిగ సూసినవా, ఇంకోడేమో" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు.

అన్నిటికంటే గాలి మీద ఆయనకు అనుమానం. చిన్నమ్మకు ఆయాసం. కంపెనీల వాసన ఊరి మీదికి దిగిన సాయంత్రాలు ఆమె గడపలో కూర్చుని ఎగపోసేది. కాక కిటికీలు మూసి, దండెం మీద తడి తెల్లగుడ్డ ఆరేసి, తర్వాత దాన్ని వేలితో రుద్ది చూసుకునేవాడు. "గాలికి గూడ జామీను అడగాలె" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఆమెను పటాన్‌చెరు ఆస్పత్రికి తీసుకుపోవడానికే ఒక పాత కారు కొన్నాడు. నిరుడు ఎండాకాలం ఆయాసం ముదిరిన రోజు నేనే నడిపాను. వంతెన ఎక్కబోతే కారు గురగురమంది, ముందుకు కదలదు. వెనక లారీలు ఒకటే హారన్లు. కాక వెనక సీట్లో ఆమెను పట్టుకుని, "పెట్రోల్ల నీళ్లు కలిపిండ్రు, నువ్వు గేరు సరిగ ఎయ్యలే" అని ఒకేసారి ఇద్దరినీ బద్నాం చేశాడు. ఎట్లాగో చేరాం గానీ అప్పటికే ఆమె పెదవులు నల్లబడ్డాయి. ఇంకోసారి ఇట్లయితే ఆమె దక్కదనుకున్నాను.

ఆమె కోలుకున్నాక ఇద్దరినీ ఎక్కించుకుని పటాన్‌చెరులో ఒక కార్ల షాపుకు పోయాను. ఇంజన్‌కు గాలి అందించే కొత్త కిట్టు ఒకటి అమ్ముతున్నారు: మెరిసే పైపు, దాని చివర ఎర్రటి జాలీ ఫిల్టరు. ఫోన్లో వీడియోలు చూసి చూసి దాని మీద మనసు పారేసుకున్నాను.

"పాత బండి గూడ పులి లెక్క ఉరుకుతదన్నా" అన్నాడు మెకానిక్.

"గిది గాలి ఏడికెళ్లి గుంజుతది?" అడిగాడు కాక.

"గీన్నుంచే, ఇంజన్ పక్కకెళ్లి."

కాక అక్కడ చేయి పెట్టి చటుక్కున తీసేశాడు. "గిది గాలా, పొయ్యి సెగ! ఉడుకు గాలి తాగి ఏం ఉరుకుతది? గీ జాలీలకెళ్లి దుమ్ము పోదని ఎవడు జామీను?"

"సౌండ్ మాత్రం జబర్దస్త్ ఉంటది కాకా."

"సౌండ్‌తోని మా ఇంటామెకు ఊపిరి అందుతదా?"

నాకు తిక్క రేగింది. "నువ్వు దేన్నీ నమ్మకు, ఇగ చిన్నమ్మ తొవ్వలనే పోతది" అని, కిట్టు బిగించడానికి పాత ఫిల్టరు డబ్బా విప్పమని మెకానిక్‌కు చెప్పాను. మూత తీస్తే లోపల ఫిల్టరు కనబడలేదు. దాని చుట్టూ మందపాటి గుడ్డ, దారంతో బిగించి కట్టి ఉంది. కంపెనీలో దుమ్ము పట్టే సంచి గుడ్డ!

"బండి గొంతు పిసికిండ్రు గదన్నా" అన్నాడు మెకానిక్.

"ఎవడు కట్టిండు గిది?" కాక షాపు మొత్తాన్నీ దొంగల్ని చూసినట్టు చూశాడు.

బయట కూర్చున్న చిన్నమ్మ లేచి వచ్చి చూసింది. "మనింట్ల తొక్కు జాడీకి కట్టేది గీ ముడే. నువ్వు గాకుంటె ఎవరు కడ్తరు?"

కాక స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ముడి చూశాకే గుర్తొచ్చినట్టు, "దుమ్ము పోతే ఇంజన్‌కు గూడ నీ లెక్క ఆయాసమొస్తదని కట్టిన" అన్నాడు, తల ఎత్తకుండా. "నిన్ను మోసేది గా బండే గదనే."

"అందరి మీద అనుమానమే. నీ మీద జెర గూడ రాదా?" అంటూ ఆమె కొంగుతో ఆయన చెమట తుడిచింది.

గుడ్డ పారేసి, కారుతో వచ్చే మామూలు ఫిల్టరే కొత్తది వేయించాం. వంతెన సులువుగా ఎక్కింది. ఆ కిట్టు పెట్టినా ఎక్కేదే, గుడ్డ పోయింది గదా! అప్పుడు నేను పైపు మహిమ అని ఊరంతా చాటి ఉండేవాణ్ణి. మీలో ఎవరికైనా పాత కారుకు అలాంటిది పెట్టాలనిపిస్తే ముందు ఉన్న డబ్బా మూత తీసి చూడండి. కాక మాత్రం వంతెన దిగాక కూడా, "ఇయ్యాల గాలి ఎనకకెళ్లి కొడ్తున్నది, అందుకే ఎక్కింది" అన్నాడు.

ఆయన దినాలయిన కొద్దిరోజులకే చిన్నమ్మకు మళ్లీ ఆయాసం వచ్చింది. వెనక సీట్లో ఆమె ఒక్కతే. వంతెన మొదట్లో గేరు మార్చాను. కాకా, జెర చూసుకో అని పైకే అన్నాను. కారు ఆగకుండా ఎక్కేసింది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి మందు పీల్పించాక ఆమె ఊపిరి కుదుటపడింది. నేను మందులు కొనుక్కుని బయటికి వచ్చేసరికి ఆమె కారు ముందు నిలబడి, బానెట్ మీద మెల్లగా చేయి వేసి నిమురుతోంది.

"పోదమా చిన్నమ్మా?"

"ఆగు బిడ్డా" అంది, చేయి తియ్యకుండానే. "జెర అలుపు తీర్చుకోనీ."