ట్యాంకు వాసనకు అక్క నీళ్లు మానేసింది

మా శాంతక్క ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పింది. సంగనకల్లు కొండమీద వేల ఏళ్ల కిందట రాతి గొడ్డళ్లు చేసుకున్న మనుషుల గురించి ఏటా పిల్లలకు చెప్పడమే గాని, అనంతపురం నుంచి మూడు గంటల్లో చేరగల ఆ కొండను తాను చూడలేదు. పేగు ఆపరేషనయ్యాక గంటకోసారి టాయిలెట్‌కి వెళ్లాల్సిందే. అందుకే బెంగళూరులో రోజుకు తొమ్మిది వేలకు, లోపలే టాయిలెట్ ఉన్న మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నాను. మొదటి రెండు రోజులు లేపాక్షి చుట్టుపక్కల హాయిగా తిరిగాం.

మూడో రోజు ఉదయం ఆరింటికి అనంతపురంలో బయలుదేరి ఉరవకొండ దాటేసరికి మురుగు ట్యాంకు వాసన మొదలైంది. బ్రేకు వేసినప్పుడల్లా గుప్పుమనేది. కప్పు మీది ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువైంది. అక్క ఏమనుకుంటుందోనని నేను నోరెత్తలేదు. అద్దాలు దించి, సెంటు కొట్టి నడిపాను.

తొమ్మిదిన్నరకు సంగనకల్లు చేరాం. అక్క దిగలేదు. పెదాలు ఎండిపోయాయి. పొద్దున ఇచ్చిన నీళ్ల సీసా మూత కూడా తీయలేదు.

"దాహం లేదురా."

"నీళ్లు తగ్గితే కిడ్నీలకు ప్రమాదమని డాక్టరు చెప్పలేదా?"

"తాగితే మళ్లీ పోవాల కదా. ఇప్పటికే నా వల్ల బండంతా కంపు," అంది కిటికీ వైపు తిరిగి.

ఎంత బతిమాలినా రెండు గుక్కలకు మించి తాగలేదు. టీ అంగడి దగ్గర అడిగితే ఒకాయన, ట్యాంకులోది పక్క కాలువలోకి వదిలేయమన్నాడు. ఆ నీళ్లు పొలాలకు పోతాయి, మనసొప్పలేదు. అంగడామె పక్కూరు కప్పగల్లులో సెప్టిక్ ట్యాంకరు నడిపే తిప్పేశప్పకు ఫోన్ చేసింది. అతను వచ్చేదాకా నలభై నిమిషాలూ అక్క మొహమే చూస్తూ కూర్చున్నాను.

తిప్పేశప్ప గొట్టం తగిలించి మోటరు వేశాడు. "లోపల నీళ్లే లేవు కదప్పా! ఎంత పోస్తాండారు?"

"ట్యాంకు తొందరగా నిండుతుందని, ప్రతిసారీ అర చెంబే పొయ్యమని అక్కకు చెప్పాను."

"అదే తప్పు. ఎండకి గట్టిపడి నాత కొడతాండాది. పైన ఫ్యానేస్తే అది కింద ట్యాంకు గాలినంతా బండి లోపలికి లాగుతాది."

అక్క కిటికీలోంచి తొంగిచూసింది. "అయితే నా రోగం వల్ల కాదా అప్పా?"

"రోగమేందమ్మా! నీళ్లు తక్కువైతే యా ఇంట్లో అయినా ఇంతే. దినామూ చూస్తాండా."

అక్క సీసా అందుకుని ఆపకుండా సగం తాగేసింది. తిప్పేశప్ప రెండుసార్లు ట్యాంకు కడిగి పదిహేను వందలు తీసుకున్నాడు. ఎండ తగ్గాక, నాలుగింటికి, అక్క నా చెయ్యి పట్టుకుని కొండ కాస్త ఎక్కింది. బండమీద గొడ్డళ్లు నూరిన నున్నటి గుంటల్లో అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది.

ఆ పొద్దున వాసన గురించి ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడాను, అక్కతో మాత్రం మాట్లాడలేదు. మర్యాదని నేను ఊరుకుంటే, తననే తప్పుపడుతున్నానని ఆమె కుమిలిపోయింది. జబ్బుపడినవాళ్లతో ఇలాంటి ప్రయాణం చేసేవాళ్లకు ఒక్క మాట: ట్యాంకు ఖాళీ చేయించగానే అడుగున రెండు బకెట్ల నీళ్లు పోసి ఉంచండి, వాడిన ప్రతిసారీ ధారాళంగా పొయ్యండి.