నీలమ్మ నాలుక

ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ బయట నీలమ్మ పదకొండేళ్లుగా అన్నం బండి పెడుతోంది. అన్నం, పప్పు, పచ్చిపులుసు, మజ్జిగ. తినేది మేస్త్రీలు, హమాలీలు, చుట్టుపక్కల కార్ఖానాల వాళ్లు. ఈ వానాకాలం విషజ్వరమొచ్చి వారం రోజులు మంచాన పడింది. జ్వరం పోయింది కానీ, పోతూ పోతూ నాలుకను చంపేసి పోయింది. చిటికెడు ఉప్పు నోట్లో వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. వండేదానికే రుచి తెలియదంటే బండి దగ్గరికి ఎవరొస్తారు? ‘పొద్దంతా కష్టం చేసేటోళ్లు, కడుపు నిండితే చాలదా’ అని తనకు తానే ధైర్యం చెప్పుకుని, చేతి అంచనాతో ఉప్పూ కారం వేసి మళ్లీ బండి పెట్టింది.

మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెను భయపెట్టింది. రోజూ పులుసు పలచగుందని లొల్లి చేసేవాళ్లు తలొంచుకుని తిని, మజ్జిగ మాత్రం మారు పోయించుకుని లేచారు. రెండో రోజు పప్పు సగానికి సగం మిగిలింది. ఆ పప్పే ఇంట్లో తింటే కడుపు బిర్రుగా అయింది కానీ తిన్నట్టే లేదు. ఇంకా ఇంకా కలుపుకుంటూనే ఉంది.

మూడో రోజు, బండి పెట్టిన నాటి నుంచీ తినే దుర్గయ్య మేస్త్రీ చేయి కడుక్కుంటుంటే ఉండబట్టలేక అడిగింది.

“అన్నా, ఉప్పెక్కువైందా?”

“మూడు దినాల సంది గట్లనే ఉంది. బీమారై లేచినవ్ గదా, ఏమంటం అని ఊకున్నం.”

“మరెట్ల తింటున్నరన్నా?”

“ఆకలైతది, తింటం. గని నిన్న ఈడ కడుపు నిండ తిన్నంక గూడ, ఇంటికి పోంగనే తొక్కు ఏసుకొని మల్ల రెండు ముద్దలు తిన్న. ఆకలి లేదు చెల్లె. ఊకెనే పానం గుంజింది.”

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది. “నా నాలుక సచ్చిందన్నా. ఏం తెలుస్తలేదు. ఎవ్వరికీ చెప్పకు.”

దుర్గయ్య తువ్వాలతో చేయి తుడుచుకున్నాడు. “గీ మాట మొదలే చెప్పొద్దా? రేపు పదకొండింటికే వస్త. నేన్ రుచి జూసినంకనే గిరాకీకి వడ్డియ్యి.”

అన్నట్టే వచ్చాడు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో రోడ్డవతలి ఇంకో అన్నం బండికి మారిపోయిన నలుగురు హమాలీల్లో ఇద్దరే తిరిగొచ్చారు. నెల తిరిగాక పులుపు ఒక్కటి తెలియసాగింది. ఉప్పు ఇంకా రాలేదు. వస్తుందంటాడు డాక్టరు, ఎప్పుడో చెప్పడు. దుర్గయ్య అరచేతిలో గంటెడు పప్పు వేసి, అతను చప్పరించి తలూపేదాకా నీలమ్మ రోజూ ఊపిరి బిగబట్టే నిలబడుతోంది.