అమ్మ కర్ర పట్టిన ఏడాది

మా నాన్న గూడ్సు బండి గార్డు. డోన్‌లో మా క్వార్టర్సు స్టేషనుకు అవతలి పక్క, వరుసగా కట్టిన రాతి ఇళ్లలో ఒకటి. నాన్న డ్యూటీకి వెళ్తే రెండు మూడు రోజులకు గాని ఇల్లు చేరేవాడు కాదు. అలా వెళ్లినప్పుడే మా తమ్ముడు జ్వరం వచ్చి చనిపోయాడు. వాడికి ఇంకా నడక కూడా రాలేదు. కబురు అంది నాన్న వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత అమ్మకు అన్నిటికీ భయం పట్టుకుంది. పగటిపూట కూడా తలుపు గడియ పెట్టేది. నేను తుమ్మితే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. నాలుగేళ్ల మా చెల్లి గుమ్మం దాటితే కేక పెట్టేది. బడికి పోవాలంటే రైలు పట్టాలు దాటాలని నన్ను బడి మాన్పించింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సరిగా తినక అమ్మ చేతులు పుల్లల్లా అయ్యాయి. ఆస్పత్రిలో డాక్టరు బలానికి మందు రాసిచ్చి, ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు. నాన్నకు ఏం చేయాలో తెలిసేది కాదు. డ్యూటీకి బయల్దేరి కూడా గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడి, అప్పుడు వెళ్లేవాడు.

మా పక్కింట్లో ఒక పాయింట్స్‌మన్, అతని తల్లి ఉండేవాళ్లు. ఆ ముసలామెను మేమంతా అవ్వా అని పిలిచేవాళ్లం. ఆమె తండ్రి కర్నూల్లో తాలీంఖానా నడిపిన ఉస్తాదు. కుస్తీ, కర్రసాము నేర్పేవాడు. కొడుకులు లేకపోవడంతో తన విద్య కూతురికి నేర్పాడట. ఈ సంగతి మా వరుసలో అందరికీ తెలుసు గాని, ఆమె చేతిలో కర్రను చూసినవాళ్లు లేరు. కోళ్లను పెంచుకుంటూ, ఆకూవక్కా నములుతూ కాలం గడిపేది.

ఒకరోజు పొద్దున్నే వచ్చి మా తలుపు తట్టింది. అమ్మ గడియ తీయకుండానే ఎవరని అడిగింది.

"నేనే బిడ్డా. పెరట్లోకి రా, పనుండాది."

"ఒంట్లో బాగలేదవ్వా."

"బాగుండేటోళ్లతో నాకేం పని? నువ్వు రామ్మే."

అమ్మ వెళ్లింది. నేనూ, నా పావడా పట్టుకుని చెల్లీ వెనకే వెళ్లాం. అవ్వ దగ్గర రెండు వెదురు కర్రలున్నాయి. ఒకటి అమ్మ చేతికిచ్చింది.

"ఇదెందుకవ్వా? ఎవుర్ని కొట్టల్ల?"

"ఎవుర్నీ కొట్టొద్దు. ఊరికే పట్టుకోని నిలబడు. కాళ్లు ఎడంగా పెట్టు. మోకాళ్లు రవ్వంత వంచు. ఊపిరి ఎందుకట్ల బిగబడతాండావు? వదులు."

మొదట్లో అంతే. నిలబడటం, ఊపిరి తీసి వదలడం. తర్వాత మణికట్టు తిప్పడం నేర్పింది. ఒక పొద్దున కర్ర జారి అమ్మ పాదం మీద పడింది. అమ్మ అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అమ్మ అలా గొంతెత్తి ఏడవలేదు. నేను భయపడి అవ్వ వైపు చూశాను. అవ్వ ఊరుకోమని చెప్పలేదు, కన్నీళ్లు తుడవలేదు. పక్కన కూర్చుంది. చాలాసేపటికి అమ్మ తలెత్తింది.

"అయిందా? ఇంగ కర్ర తీసుకో" అంది అవ్వ.

అమ్మ తీసుకుంది.

ఒకసారి నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి మేం ముగ్గురం అవ్వతో పెరట్లో ఉన్నాం. అమ్మ చీర దోపుకుని కర్ర తిప్పుతోంది. నేను పొరక కట్టె తిప్పుతున్నాను. నాన్న లాంతరు కింద పెట్టి చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు.

"ఏందవ్వా ఇది? ఆడోళ్లకు సామేంది? మన వరుసలో ఏమనుకుంటారు?"

"ఏమప్పా, నీ పెండ్లాం రాత్రి సంగటి ముద్ద మిగల్చకుండా తినింది. అనుకునేటోళ్లకు ఆ మాట చెప్పు."

నాన్న లాంతరు తీసుకుని లోపలికి వెళ్లాడు. సాయంత్రం ఎక్కడినుంచో ఒక సన్న వెదురు తెచ్చి, నా చెవి ఎత్తుకు కొలిచి కోసి, కణుపులు నున్నగా చెక్కి ఇచ్చాడు.

అవ్వ మాకు మళ్లీ మళ్లీ చెప్పిన మాట ఒకటుంది. "కర్ర ఉండేది కొట్టేదానికి కాదు. నీకూ ఎదురుగా ఉండేదానికీ నడుమ జాగా పెట్టేదానికి. జాగా ఉంటే ఆలోచన వస్తాది." నేను ఎప్పుడైనా కోపంలో చెల్లి మీదికి కర్ర ఎత్తితే ఆ రోజుకు నా కర్ర లాక్కునేది. అంతకు మించిన శిక్ష నాకు లేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున మేం కొళాయి దగ్గరికి నీళ్లకు వెళ్లాం. వరుసకంతటికీ ఒకటే కొళాయి. కర్ర చేతిలో ఉంటేనే అమ్మ ఇల్లు కదిలేది. బిందె నిండుతుండగా గూడ్సు షెడ్డు వైపునుంచి ఒక పెద్ద ఎర్రకుక్క వచ్చింది. తల వంచుకుని తూలుతూ నడుస్తోంది. నోటినుంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది.

"పిచ్చికుక్క!" అని ఎవరో అరిచారు.

ఆడవాళ్లు బిందెలు వదిలేసి పరుగెత్తారు. ధడేల్ ధడేల్‌మని తలుపులు పడ్డాయి. అప్పుడు చూశాను, చెల్లి కంకరరాళ్లు ఏరుకుంటూ కుక్క వచ్చే దారిలోనే కూర్చుని ఉంది. నేను బిందె అంచు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను.

అమ్మ పరుగెత్తలేదు. గబగబా నడిచి వెళ్లి చెల్లికీ కుక్కకూ మధ్య నిలబడింది. కర్ర ముందుకు చాచి, నేలకు కాస్త ఎత్తులో దాని మొన తిప్పడం మొదలుపెట్టింది.

"పాపా, వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకో. పరిగెత్తొద్దు. నా ఎనకాల్నే మెల్లగా నడువు."

ఆ గొంతు వినగానే నా కాళ్లు కదిలాయి. అమ్మ కుక్క మీదినుంచి చూపు తిప్పకుండా వెనక్కి అడుగులు వేస్తోంది. కుక్క ముందుకొస్తే కర్ర దాని ముఖం ముందు సుడి తిరిగేది. అది ఆగేది. "తల మీద కొట్టు! కొట్టమ్మే!" అని తలుపుల వెనకనుంచి కేకలు. అమ్మ కొట్టలేదు.

కేకలు విని పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్లు గడ్డపారలతో వచ్చారు. ఒకతను గడ్డపార ఎత్తాడు.

"ఆగన్నా!" అంది అమ్మ. "అది కాలితో నోరు గీక్కుంటాండాది, సూడు. నోట్లో ఏమో ఉండాది."

నిజమే. కుక్క ఆగినప్పుడల్లా ముందుకాలితో మూతి గోక్కుంటోంది. అంతసేపు దాన్నే చూస్తూ నిలబడింది గనుక అమ్మకు కనబడింది. వాళ్లలో పెద్దాయన ఒక గోనెసంచి దాని మీద వేసి అదిమిపట్టాడు. ఇంకొకతను పుల్లతో నోరు తెరిచి చూసి, "ఎముక!" అన్నాడు. పై పళ్ల మధ్య ఒక ఎముక ముక్క అడ్డంగా బిగుసుకుని ఉంది. పటకారు తెచ్చి లాగేశారు.

వదలగానే కుక్క ఒళ్లు విదిలించుకుని, మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా కొళాయి కింది గుంటలో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎంతకూ తాగుతూనే ఉంది.

అమ్మకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. నవ్వుతూనే నేల మీద కూర్చుండిపోయింది. చెల్లిని ఒళ్లోకి లాక్కుంది. అవ్వ వచ్చి భుజం పట్టుకుని, "భయపడినావా బిడ్డా?" అని అడిగింది.

"శానా భయపడినానవ్వా."

"ఆఁ, మంచిది" అంది అవ్వ.

ఎందుకైనా మంచిదని గ్యాంగ్‌మన్లు ఆ కుక్కను కొన్నాళ్లు కట్టేసి చూశారు. దానికేమీ కాలేదు. ఆ తర్వాతి సోమవారం అమ్మ నాకు జడ వేసి, పలకా బలపం చేతికిచ్చి, "పట్టాల కాడ రెండు పక్కలా చూసి దాటు" అని చెప్పి గుమ్మంలోంచే పంపించింది.

ఆ వారంలోనే మా వరుసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే మా పెరట్లోకి రావడం మొదలైంది. కర్రలు లేనివాళ్లు దంచే రోకళ్లు తెస్తే అవ్వ తిట్టి పంపింది. తర్వాత పిల్లలు, ఆ తర్వాత డ్యూటీ లేని మగవాళ్లు చేరారు. మా నాన్న గుంజ పట్టుకుని బస్కీలు తీస్తుంటే చెల్లి ఆయన పొట్ట చూసి నవ్వేది. ఒకసారి అలా ఆయాసపడుతూ అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్న అమ్మతో అన్నాడు.

"బండెక్కినంక ప్రతి స్టేషన్లో మీ గురించి ఏం కబురొస్తాదో అని చూస్తాంటి. ఇప్పుడు చూడను."

అమ్మ ఆయనకు చెంబుతో నీళ్లందించింది.