సోలకు ముఖాలెన్ని?

నేను బడిపంతులమ్మగా చేసే రోజుల్లో... తొంభైల్లో, రామచంద్రపురం దగ్గరి పల్లెలో, నా రెండో తరగతి గది నేలంతా ఇంటి సామానే. అగ్గిపెట్టె, సబ్బుబిళ్ల, పౌడరు డబ్బా, నిమ్మకాయ, గోళీ... అన్నీ ఒక వెదురుబుట్టలో తెచ్చేదాన్ని.

నేలమీద సుద్దతో మూడు గడులు గీసేదాన్ని. అన్నీ చదును ముఖాలున్నవి ఒక గడిలో... చదునూ వంపూ కలిసినవి మధ్య గడిలో... ఒట్టి వంపే ఉన్నవి మూడో గడిలో. పిల్లలు ప్రతి వస్తువునూ తిప్పి, తడిమి, చర్చించి మరీ పెట్టేవారు.

"ఇది బడాండీ, సంతాండీ?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"సంతలో లెక్క తప్పితే జనం ఊరుకోరండి," అన్నాను.

ఆయనకది రుచించలేదు. తనిఖీలో ఒక్క మాట పడినా బుట్ట బడి దాటాలన్నారు. సరేనన్నాను. నా పాఠం మీద నాకా ధీమా ఉంది.

తనిఖీకి వచ్చిన అధికారి బుట్టలోంచి బియ్యం కొలిచే ఇత్తడి సోల తీసి, సత్యవతి అనే పిల్లనడిగారు. "దీనికి చదును ముఖాలెన్నమ్మా?"

"ఒకటేనండి."

పుస్తకంలో ఇలాంటి గుండ్రటి స్తూపానికి రెండని ఉంది. హెడ్మాస్టరు గారు నా వంక చూశారు... నేను సత్యవతి వంక చూశాను.

"పైన మూత లేదు కదండీ," అంది పిల్ల. "బియ్యం పోసి, అంచుకి సమంగా తలగొడితే రెండండి. ఇంట్లో వండడానికి మా నాయనమ్మ అలాగే కొలుద్దండి. పక్కింటోళ్లకి ఇచ్చేటప్పుడు మాత్రం కొండలా పోసుద్దండి. అప్పుడు మళ్లీ ఒకటేనండి, పైన శంకువు కూర్చుంటది."

అధికారి నవ్వాపుకుంటూ, "మరి ఏ గడిలో పెడతావు?" అన్నారు.

"మధ్య గడిలోనండి. ఎలా కొలిచినా చదునూ ఉంటది, వంపూ ఉంటది."

"నాయనమ్మకి తెలుసా, నువ్వివన్నీ చూస్తున్నావని?"

"ఆయ్... తెలీదండి. ఇంటి కొలతలు బడిలో చెప్పానంటే మా అమ్మ ముందు తిడుద్దండి."

వెళ్తూ ఆయన హెడ్మాస్టరు గారితో, "ఈ బుట్ట ఎక్కడికీ పంపకండి," అన్నారు. మరుసటి సోమవారం హెడ్మాస్టరు గారే ఇంటినుంచి ఒక గరాటు తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. నేను దాన్ని బుట్టలో వేసుకున్నాను... పాఠానికి పనికొచ్చింది.

ఇప్పటి పిల్లలకు ఆకారాలన్నీ ఫోను తెరమీదే... రంగులు బాగానే ఉంటాయి గానీ, అడుగు తడిమి చూద్దామంటే చేతికి అద్దమే తగులుతుంది. మీ చేతులు మొదట తిప్పి చూసిన ఇంటి వస్తువేదో, దాన్ని ఏ గడిలో పెడతారో చెప్పండి... తప్పు చెప్పినా దిద్దుతాను, ఆ అలవాటు పోలేదు.